మలుపు అడుగున నల్లమట్టి

పోయిన వారం సమీక్షాధికారిని నది మధ్యలో, పడవ మీద వదిలి వచ్చాం. ఓడల దారిలో పూడిక తియ్యడానికి పర్యావరణ అనుమతి ఇవ్వవచ్చో లేదో తేల్చడానికి వచ్చిన మనిషి ఆమె. మలుపు దగ్గర దించిన గొట్టంలో ఇసుక తరవాత నల్లటి మట్టి పైకి వచ్చింది. ఆ వాసనకి పడవవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. ఎగువన ఎప్పుడో మూతపడ్డ రంగుల ఫ్యాక్టరీ వదిలిపెట్టిన విషమేమోనని ఆమెకు అనుమానం వచ్చింది. "పరీక్ష ఫలితం వచ్చేదాకా ఇక్కడ ఒక్క తట్ట మట్టి కదపడానికి వీల్లేదు" అని అక్కడికక్కడే చెప్పేసింది. పూడిక తీసే డ్రెడ్జరు రేవులో కట్టేసినచోటే ఉండిపోయింది. దాని మీద పని దొరుకుతుందనుకున్న వాళ్ళంతా ఆమెని చూస్తే మొహం తిప్పుకోవడం మొదలుపెట్టారు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ వారంలోనే మరొకటి జరిగింది. ఓ సరుకుల ఓడ పొగమంచులో వస్తూ అదే మలుపులో అడుగు తగిలి కూరుకుపోయింది. దాన్ని లాగి బయటపడేశారు గాని, నదిలో దానికి దారి చూపిస్తూ నడిపించిన పైలట్‌ని విచారణ ముగిసేదాకా ఇంట్లో కూర్చోమన్నారు. ఆ పైలట్ ఆమెకు సొంత అక్క భర్త.

ఇక ఈ వారం కథ.

అయినవాళ్ళు ఉన్న ఊరి పని తనకొద్దని ఆమె మొదట్లోనే చెప్పింది. "వేరే మనిషి లేరమ్మా. పూడిక మీద జనం మాట వినే బహిరంగ సభ అయ్యేదాకా వాళ్ళింటి గడప తొక్కకు, ఫోను చెయ్యకు, అంతే" అన్నాడు పై అధికారి. ఆ మాటకి తలూపి వచ్చిన మనిషి, పుట్టి పెరిగిన ఊళ్ళో అతిథిగృహంలో అద్దె గది తీసుకుని ఉంటోంది. ఆ గదిలో మంచానికి రెండు దిండ్లు ఉన్నాయి. గ్లాసులు రెండు, కుర్చీలు రెండు. ఊడ్చడానికి వచ్చే మనిషి రోజూ రెండో గ్లాసు కూడా కడిగి బోర్లించి పోయేది. "అది వాడలేదమ్మా" అని మొదటిరోజు చెప్పి, తరవాత చెప్పడం మానేసింది.

సాయంత్రాలు నడవడానికి వెళ్ళేది. ఏ వీధిలో నడిచినా కాళ్ళు పైలట్ల కాలనీ వైపు తిరిగేవి. వీధి మలుపు తిరిగితే అక్క ఇల్లు. మలుపు తిరగకుండా వెనక్కి వచ్చేసేది.

సభ రోజు పొద్దున్న రేవు దగ్గర టీ కొట్టుకు వెళ్ళింది. అక్కడ అందరికీ గాజు గ్లాసుల్లో ఇస్తారు. బెంచీ మీద కూర్చుని తాగి, గ్లాసు ఇచ్చి పోతారు. కొట్టాయన ఆమెకు మాత్రం కాగితం కప్పులో పోసి ఇచ్చాడు. పట్టుకుపొమ్మని అర్థం. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. ఆమె కప్పు తీసుకుని, వేడికి చేతులు మార్చుకుంటూ, గోదాముల గోడ వెంట నడుస్తూ తాగింది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది. తిట్టేవాడితో కనీసం మాట్లాడవచ్చు.

సభ పెట్టింది బడి హాల్లో. పిల్లల బల్లలు గోడకి జరిపి కుర్చీలు వేశారు. కుర్చీ దొరకనివాళ్ళు బల్లల మీదే కూర్చున్నారు. వేదిక మీద అధ్యక్షుడు, న్యాయమూర్తిగా చేసి రిటైరైన పెద్దాయన. ఆయనకు కుడిపక్కన రేవు చీఫ్ ఇంజనీరు, ఎడమపక్కన ఆమె. ఆ సభకో నియమం ఉంది. ఎవరు మాట్లాడినా, వాళ్ళ మాటల్ని సమీక్షాధికారి రాసుకుని, మైకులో పైకి చదివి, "సరిగ్గా రాసుకున్నానా" అని వాళ్ళనే అడగాలి. అవునంటేనే ఆ మాట లెక్కలోకి వస్తుంది.

మొదట చీఫ్ ఇంజనీరు మాట్లాడాడు. ఓడలు పెద్దవవుతున్నాయనీ, మలుపు దగ్గర నది మెరకదేలిందనీ, ఇలాగే ఉంటే ఓడలు పక్క రేవుకు పోతాయనీ చెప్పాడు. అందులో అబద్ధం లేదు. ఆమె రాసుకుంది, చదివింది.

క్రేను నడిపే ఒకాయన లేచాడు. "అయ్యా, నది ఎండిపోతే నడిచి దాటతాం. నిండితే పడవేస్తాం. ఇలా నడుముదాకా ఉంటే మమ్మల్ని ఏం చెయ్యమంటారు?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వబోయి, ఎవరూ తనవైపు చూడటం లేదని గమనించి ఊరుకుంది. ఓ చేపలు పట్టే ముసలాయన లేచి, "చేపలకి ఓటు లేదు గదా, వాటి తరపున కూడా నేనే మాట్లాడతాను" అని మొదలుపెట్టి, మట్టి కదిపితే వల్లోకి ఏమొస్తుందో తనకు తెలియదనీ, తెలియనప్పుడు తొందరెందుకనీ అన్నాడు. వెనకనుంచి ఎవరో "నువ్వు కూర్చో తాతా!" అని అరిచారు.

అప్పుడు మధ్య వరసలోంచి ఒకావిడ లేచింది. నీలం స్వెటరు, చెవుల దగ్గర నెరిసిన జుట్టు. దారిలో కూర్చున్నవాళ్ళు మోకాళ్ళు పక్కకు జరుపుకుని దారి ఇచ్చారు.

అక్క.

ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. తను ఊళ్ళోకి వచ్చాక అక్క మొహం చూడటం ఇదే మొదలు. చిక్కిపోయింది. స్వెటరు పై బొత్తాం ఊడిపోతే వేరే రంగు బొత్తాం కుట్టుకుంది. అమ్మ పోయాక తనకు జడ వేసి బడికి పంపింది ఆ చేతులే. చిన్నప్పుడు సన్నగా ఉండేదని తనని 'పిచ్చుకా' అని పిలిచిందీ, ఈ రోజుకీ అలా పిలిచే ఒకే ఒక్క మనిషీ ఆవిడే.

అక్క మైకు ముందు నిలబడి, సరిచేసుకుని, వేదిక వైపు చూసింది.

"అధికారిగారూ, నేను ఓడల పైలట్ భార్యని. మీకు ఈ నది తెలుసా?"

"కొంచెం తెలుసండీ" అందామె.

పుట్టి బుద్ధెరిగాక అక్కను 'అండీ' అనడం అదే మొదటిసారి. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాలుక చేదుగా అయింది.

"తెలిస్తే మంచిదే. మా ఆయన జుట్టు నల్లగా ఉన్నప్పట్నుంచీ ఆ మలుపులో ఓడలు తిప్పాడు. లోతు చాలట్లేదు, పూడిక తియ్యండి బాబూ అని ఏటేటా మొత్తుకున్నాడు. ఇన్నాళ్ళకి తీస్తామని మిషను తెచ్చారు. మీరొచ్చి ఆపారు. ఆపిన వారంలోనే ఓడ కూరుకుపోయింది. తప్పెవరిదని ఆయన్ని పిలిచి అడుగుతున్నారు. మిమ్మల్ని ఎవరూ అడగరా?"

హాల్లో చప్పట్లు మోగాయి. అధ్యక్షుడు బల్ల మీద తట్టాడు.

"మా ఇంట్లో మనిషి మాట్లాడటం మానేశాడు." అక్క గొంతు తగ్గింది. హాలు కూడా దానితోపాటే తగ్గింది. "కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. ఓడ కూత వినిపిస్తే లేచి నిలబడతాడు. అది వెళ్ళిపోయాక కూర్చుంటాడు. అలాంటి మనిషితో ఇంట్లో ఉండటం ఎలా ఉంటుందో మీ సమీక్షలో ఏ పేజీలో రాస్తారు?"

"పూడిక తియ్యొద్దని నేను చెప్పలేదండీ" అందామె. "అడుగున ఉన్నదాన్ని కదిపితే అది ఎటు పోతుందో తేలాలి. మలుపుకు దిగువనే ఊరికి నీళ్ళు తోడే పంపులున్నాయి. అది తేలేదాకా ఆగమన్నాను."

"ఆగమన్నారు!" అక్క నవ్వింది. అది ఆవిడ నవ్వు కాదు. "ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అనలేదు. ఆగితే మీకు పోయేదేముంది? మీ ఉద్యోగం మీకుంటుంది, మీ గది మీకుంటుంది. ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేని మనుషులకి ఆగడం ఎంత సులువో!"

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

వాళ్ళిద్దరూ అక్కాచెల్లెళ్ళని ఊరంతటికీ తెలుసు. తెలియనివాళ్ళకు పక్కవాళ్ళు చెప్తున్నారు. ఎక్కడో కుర్చీ కిర్రుమంది. క్రేనాయన తల వంచుకుని చెప్పుల వైపు చూసుకున్నాడు.

అధ్యక్షుడు దగ్గాడు. ఆమె వైపు వంగి, మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, "ఆ ఆఖరి ముక్క చదవక్కర్లేదమ్మా" అన్నాడు మెల్లగా.

"ఇందాకట్నుంచీ అందరివీ అన్నీ చదివానండీ" అందామె.

మైకు దగ్గరికి లాక్కుని చదివింది. మా ఆయన జుట్టు నల్లగా ఉన్నప్పట్నుంచీ అని చదివింది. లేచి నిలబడతాడు, కూర్చుంటాడు అని చదివింది. గొంతు ఎక్కడా తడబడలేదు. చివరికి వచ్చింది. "ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేని మనుషులకి ఆగడం ఎంత సులువో." ఆ వాక్యాన్ని తన గొంతుతో తానే విన్నది. హాలు వెనక ఉన్న స్పీకరులోంచి అది ఇంకోసారి వచ్చి తగిలింది.

తలెత్తింది. "సరిగ్గా రాసుకున్నానా అండీ?"

అక్క మైకు కర్రను రెండు చేతులా పట్టుకుని ఉంది. మొహంలో రంగు లేదు. కోపంలో అన్న మాట నోటి నుంచి జారినప్పుడు ఒకలా ఉంటుంది. అదే మాట ఎదుటి మనిషి చదివి, ఇదేనా అని మర్యాదగా అడిగినప్పుడు ఇంకోలా ఉంటుంది.

"ఆ ఆఖరి మాట..." అంది అక్క. "కొట్టేయండి."

"కొట్టేయడానికి వీల్లేదండీ. చెప్పింది చెప్పినట్టే ఉండాలి. కావాలంటే దాని కింద ఇంకో మాట చేర్చొచ్చు." ఆమె పెన్ను కాగితం మీద ఆనించింది. "ఏం చేర్చమంటారు?"

అక్క నోరు తెరిచింది. ఆ ఒక్క క్షణం ఆమెకు హాలూ జనమూ కనిపించలేదు. అక్క పెదవులు మాత్రమే కనిపించాయి. ఏదైనా సరే, ఒక్క ముక్క చాలు, రాసుకుంటాను అనుకుంది.

"ఏం లేదు" అంది అక్క. వెనక్కి తిరిగి తన కుర్చీకి వెళ్ళి కూర్చుంది.

అధ్యక్షుడు కాసేపు విరామం అన్నాడు.

వేదిక వెనక గది సైన్సు పాఠాలు చెప్పేది. గోడకి మనిషి ఎముకల బొమ్మ, బీరువాలో సీసాలు. చీఫ్ ఇంజనీరు, అధ్యక్షుడు టీ తాగుతున్నారు. ఆమె కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని చూసుకుంది, రాలేదు. అప్పుడు ఫోను మోగింది. పరీక్షల ల్యాబులోని కెమిస్టు.

"మేడమ్, మాట్లాడొచ్చా?"

"చెప్పమ్మా."

"మలుపు మట్టిలో సీసం ఉంది. మీరనుకున్నట్టే, ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ."

ఆమె కళ్ళు మూసుకుంది. తను ఆపడం వృథా కాలేదు. చిత్రంగా, సంతోషమేమీ కలగలేదు.

"ఇంకోటి ఉంది మేడమ్. పోలిక కోసం మంచి మట్టి ఒక సంచీ పంపారు కదా, అది ఎక్కడ తీశారు?"

నది మట్టిలో ఎంత విషముందో తెలియాలంటే, నదికి సంబంధం లేని మట్టితో పోల్చి చూడాలి. ఆ పోలిక మట్టిని ఆమె పైలట్ల కాలనీ వెనక ఆటస్థలంలో కూలీలతో తీయించి, సంచీ విప్పకుండానే పంపింది. ఒకప్పుడు అక్కడంతా పల్లం. కొండమట్టి తోలించి మెరక చేసి ఇళ్ళు కట్టామని రేవువాళ్ళు చెప్పారు.

"కాలనీ దగ్గర. కొండమట్టి అది. ఎందుకు?"

"అందులో సీసం మలుపు మట్టిలో కన్నా ఎక్కువుంది."

"సంచులు తారుమారయి ఉంటాయి."

"నేనూ అదే అనుకున్నా మేడమ్. మళ్ళీ మొదట్నుంచీ చేశాం. తారుమారు కాలేదు. మీవాళ్ళు పై మట్టి గీకేసి లోపల్నుంచి తీశారు కదా, ఆ లోపలి మట్టి నలుపు. కొండమట్టి నల్లగా ఉండదు మేడమ్."

ఫోను పెట్టేసి ఆమె చీఫ్ ఇంజనీరు ముందుకు వచ్చింది.

"పైలట్ల కాలనీ మెరక మట్టి ఎక్కడిదండీ?"

"కొండమట్టి అనే ఉంది కదా కాగితాల్లో."

"కాగితాల్లో ఏముందో నేనూ చదివాను. మట్టి ఎక్కడిది?"

ఆయన టీ కప్పు కింద పెట్టాడు. చెడ్డవాడు కాదు. రాత్రింబవళ్ళు ఆ రేవు కోసం తిరిగే మనిషి. "నేనప్పుడు ఇక్కడ లేనండీ. పాతవాళ్ళు అనుకుంటుంటే విన్నాను. మలుపు మొదటిసారి తవ్వినప్పుడు మట్టి పొయ్యడానికి చోటు దొరకలేదట. పడవలకెత్తి తెచ్చి ఆ పల్లంలో పోశారట. పైన మాత్రం కొండమట్టి పలచగా..."

"ఇళ్ళెప్పుడు కట్టారు?"

"ఆరాక."

"ఏం ఆరాక?"

"మట్టి ఆరాక" అన్నాడాయన నేల చూపులు చూస్తూ.

"అక్కడ తాగేది ఏ నీళ్ళు?"

"బోర్లు. ఇంటింటికీ ఉన్నాయి. నీళ్ళు బాగుంటాయని..."

అధ్యక్షుడు అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇది ఈ గది దాటకూడదు" అన్నాడు. "రెండో ల్యాబు కూడా అవునన్నాక చెబుదాం. ఇప్పుడే చెబితే ఊరు గగ్గోలెత్తిపోతుంది. నీకు ముఖ్యంగా చెబుతున్నానమ్మా. ఆ కాలనీలో నీ సొంతవాళ్ళున్నారు. తేలని మాట నువ్వు నోరు జారావంటే, అయినవాళ్ళ కోసం చేసిందంటారు. నీ సమీక్ష మొత్తం చెత్తబుట్టలోకి పోతుంది. మలుపు గురించి నువ్వు చెప్పింది కూడా ఎవరూ నమ్మరు. ఇంకో మనిషిని వేస్తారు, ఆ డ్రెడ్జరు కదులుతుంది. ఆ విషం అంతా ఊరి పంపుల్లోకి పోతుంది. నేను చెప్పింది తప్పా?"

తప్పు కాదు. అదే కష్టం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"రెండో ల్యాబుకి చాలా రోజులు పడుతుంది" అంది ఆమె. "ఆ రోజులన్నీ వాళ్ళు ఆ నీళ్ళే తాగుతారు."

"ఇన్నేళ్ళు తాగారుగా."

ఆయన ఆ మాట అనుకోకుండా అన్నాడు. అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు. సర్దుకుని, "ఆగాలమ్మా. నువ్వే కదా ఇందాక అందరికీ చెప్పావు, తేలేదాకా ఆగమని" అన్నాడు.

గంట కొట్టారు. ముగ్గురూ వేదిక మీదికి వెళ్ళి కూర్చున్నారు.

తరవాత మాట్లాడవలసిన మనిషి పేరు పిలవబోతున్నారు. ఆమె హాలు వైపు చూసింది. పైలట్ల కాలనీవాళ్ళంతా ఒక చోటే కూర్చున్నారు. ఒడిలో నిద్రపోతున్న పసివాళ్ళు, నీళ్ళసీసా చేతులు మార్చుకుంటున్న ముసలివాళ్ళు. అక్క ఎవరితోనూ మాట్లాడకుండా చేతులు చూసుకుంటోంది. చెవిలో చెప్పాలంటే ఒక్క అక్కకే చెప్పాలి. అది నిజంగానే తప్పు. అక్కతో విడిగా మాట్లాడనని ఆమె పై అధికారికి ఎప్పుడో మాట ఇచ్చింది. అందరికీ చెప్పనని మాత్రం ఎవరికీ మాట ఇవ్వలేదు.

మైకు దగ్గరికి లాక్కుంది.

"పైలట్ల కాలనీలో ఉండేవాళ్ళకి ఒక మాట" అంది.

"అమ్మా!" అన్నాడు అధ్యక్షుడు.

"ఇవాళ్టి నుంచి మీ బోరు నీళ్ళు తాగకండి. వంటకీ వాడకండి. మీ ఇళ్ళ కింద పోసిన మట్టిలో సీసం ఉందని ఒక పరీక్షలో వచ్చింది. ఇంకో పరీక్ష కావాలి. అందులో లేదని తేలితే నన్ను మీ ఇష్టం వచ్చినట్టు తిట్టండి. పడతాను. అంతదాకా ఊరి కుళాయి నీళ్ళే తాగండి. ఈ మాట చెప్పడానికి నాకు అనుమతి లేదు. చెప్పినందుకు రేపట్నుంచి నేను ఈ పనిలో ఉండకపోవచ్చు. ఆ మలుపు మట్టిని మాత్రం ఎవరు వచ్చినా కదపనివ్వకండి. మీ ఇళ్ళ కింద ఉన్నదీ అదే మట్టి."

అన్నీ ఒకేసారి జరిగాయి. కుర్చీలు పడ్డాయి. ఒకామె పిల్లని నిద్రలేపి ఎత్తుకుంది. చేతిలో సీసా ఉన్న ముసలాయన దాన్ని ఏం చెయ్యాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు. "అబద్ధం!" అని ఒకరు, "ముందే ఎందుకు చెప్పలేదు?" అని ఇంకొకరు. చీఫ్ ఇంజనీరు చేతుల్లో మొహం దాచుకున్నాడు. అధ్యక్షుడు బల్ల మీద తడుతూనే ఉన్నాడు గాని ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు.

అందరూ తలుపు వైపు తోసుకుంటుంటే, ఒక్క మనిషి మాత్రం వాళ్ళకి ఎదురుగా నడిచి వస్తోంది. భుజాలు తగులుతున్నా ఆగలేదు. వేదిక మెట్లెక్కి, బల్లకు అవతలివైపు వచ్చి నిలబడింది. ఇంత దగ్గరగా చూసి ఎన్నాళ్ళయిందో. ఆమె లేచి నిలబడింది. తిడుతుందేమో అనుకుంది. చెయ్యి పట్టుకుంటుందేమో అని కూడా అనుకుంది.

అక్క మొహంలో ఆశ్చర్యం లేదు. భయం ఉంది. ఈ మాట ఏనాటికైనా బయటపడుతుందని ఎదురుచూస్తూ బతికిన మనిషి భయం.

బల్ల మీదికి వంగింది. గుసగుసగానే అడిగింది. మైకు ఇంకా ఆపలేదన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ తెలియదు. అందుకే ఆ గుసగుస స్పీకర్లలోంచి హాలంతా నిండింది. తలుపు దగ్గరిదాకా పోయినవాళ్ళు కూడా ఆగి వెనక్కి తిరిగారు.

"ఈ సంగతి నీకెవరు చెప్పారే పిచ్చుకా? మీ బావేనా?"